మేఘానికి పూర్వపక్షం

మీతో ఆఖరుసారి గొడవపడిన మనిషి మిమ్మల్ని ఏమడిగారో, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా ఇప్పుడు తిరిగి చెప్పగలరా? చెప్పగలనని గబుక్కున తల ఊపకండి. నేనూ అలా ఊపినవాణ్ణే. ఆ రోజుల్లో నా తల ఊగినంతగా గాలివానకు కొబ్బరిచెట్లు కూడా ఊగేవి కావు. లోకంలోని చిక్కులన్నీ జనం సరిగ్గా వాదించుకోకపోవడం వల్లే వచ్చాయనీ, ఒక్కొక్కరూ నాకు ఓ ఇరవై నిమిషాలు కేటాయిస్తే మూఢనమ్మకం అన్నది కృష్ణ దాటి పారిపోతుందనీ నాకు గట్టి నమ్మకం. (దేన్నీ ఊరికే నమ్మవద్దని ఊరంతా తిరిగి చెప్పేవాడికి ఈ ఒక్క నమ్మకం ఎలా మిగిలిందని ఎవరూ అడగలేదు. అడిగితే ఇరవై నిమిషాలు ఇవ్వాల్సి వస్తుందని భయపడి ఉంటారు.) ఇప్పుడు నలభై దాటాక, వేసవి మధ్యాహ్నం కిటికీ తెరలు దించుకుని కళ్లు మూసుకుంటే ఒక పాతికేళ్ల వాడు కనిపిస్తాడు. బందరు రోడ్డు మీద ఒక కాఫీ షాపు కౌంటరు ముందు, జుట్టులో గోధుమపిండితో, గాల్లో ఒక వేలు ఎత్తి నిలబడి ఉంటాడు. వాడి వెనక క్యూలో పదిమంది. వాడి ముందు ఒక మేఘం, మెల్లగా కరిగిపోతూ.

ముందు ఆ పిండి సంగతి చెప్పాలి. పటమటలో ఒక పిండిమర మేడ మీద ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు మా చర్చామండలి జరిగేది. అద్దె లేని చోటు అదొక్కటే దొరికింది. కింద మర తిరుగుతుంటే పైన కుర్చీలు వణికేవి. నేల పలకల సందుల్లోంచి సన్నటి పిండి పొగలా లేచి, కిటికీలోంచి పడే ఎండలో తేలుతూ వచ్చి మా తలల మీద వాలేది. దేవుడు లేడని నిరూపించడానికి నల్లజుట్టుతో మెట్లెక్కిన కుర్రాళ్లం పన్నెండింటికి నెరిసిన జుట్టుతో దిగేవాళ్లం. మిరపకాయలు ఆడించే వారాల్లోనైతే ఏ పక్షం వాదించినా కన్నీళ్లతోనే వాదించేవాళ్లం. మా అధ్యక్షుల వారు రిటైరైన హెడ్మాస్టరు. మైలవరం నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. సంచిలో ఒక ఇత్తడి గంట, మజ్జిగ సీసా, హాజరు పుస్తకం. ఆ పుస్తకంలో కులం, మతం అన్న గడులు రెండూ కొట్టేసి వాటి మీద అందరం ‘మనిషి’ అని రాసేవాళ్లం. కొత్తవాళ్లెవరైనా పేరడిగితే, దాని వెనకాలే ఇంటిపేరు అడుగుతారనీ, ఇంటిపేరు వెనకాల వాళ్లకు కావలసింది వేరే ఉంటుందనీ మాకు అనుమానం. అందుకని మా జవాబు కూడా అదే. ‘మనిషి.’

ఆ మండలికి ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి వాదాన్ని ఖండించే ముందు దాన్ని మన నోటితో మనమే చెప్పాలి. అతను చెప్పినదానికన్నా బాగా చెప్పాలి. అది విని అతను “అంతే” అనాలి. ఆ “అంతే” వినిపించాకే అధ్యక్షుల వారు గంట కొట్టేవారు, మన ఖండన మొదలయ్యేది. పాత పండితులు దీన్నే పూర్వపక్షం అన్నారు. “ఒరే, ముందు వాడి ఇంట్లోకి వెళ్లి రెండు పూటలు భోంచేసి రా. ఆ తర్వాత వాడి ఇల్లు పడగొడుదువు గాని” అనేవారు మా అధ్యక్షుల వారు. ఆ విద్యలో నేను మొనగాణ్ణని పేరు. ఆరేళ్లలో నా పూర్వపక్షం విని “అంతే” అననివాడు లేడు.

వారంలో మిగిలిన ఆరు రోజులూ నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. అక్కడ ఎవరికీ పేర్లు ఉండవు, సబ్జెక్టులే ఉంటాయి. నేను తెలుగు సార్. స్టాఫ్ రూములో నా ఎదురు బల్ల దగ్గర బోటనీ మేడమ్. నా ఇరవై నిమిషాలూ పూర్తిగా ఇచ్చిన మొదటి మనిషి ఆవిడే. అంతా విని, సంచిలోంచి జామకాయ తీసి కొరుకుతూ, “మీరు చెప్పినవాటిలో మూడో మాట బాగుంది సార్. మిగతావి దాని తమ్ముళ్లు” అంది. ఆ రోజు ఇంటికి నడుస్తూ మూడో మాట ఏమిటా అని గుర్తు చేసుకోబోతే గుర్తురాలేదు. జామకాయే గుర్తొచ్చింది. అలా ఏడాది గడిచేసరికి, ఆవిడ లేని రోజు ఆ గదిలో గోడ గడియారం చప్పుడు వినపడేదాకా వచ్చింది వ్యవహారం. వాళ్లు క్రైస్తవులు. తండ్రి పోయారు. తల్లి రిటైరైన స్టాఫ్ నర్సు, కాలనీ అంతా నర్సమ్మ గారనే పిలిచేవారు. “మన పెళ్లికి మీ మతం నాకు అడ్డు కాదండీ” అని ఒకరోజు ఎంతో ఉదారంగా అన్నాను. (తప్పు చేసిన పిల్లాణ్ణి క్షమిస్తున్న హెడ్మాస్టరు గొంతు అది. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి.) ఆవిడ నవ్వి, “మీ మతం కూడా నాకు అడ్డు కాదు లెండి” అంది. నాకు మతం లేదని నిరూపించడానికి మూడు రోజులు పట్టింది.

మే నెల. తెలుగు సారుకు వేసవిలో క్లాసులుండవు. గన్నవరం, మైలవరం వైపు ఊళ్లమీద పడి తలుపులు తట్టి అడ్మిషన్లు తేవడమే పని. ఒక మంగళవారం నేను అలా తిరిగి, వాడిపోయి వచ్చి ఫ్యాను కింద కూలబడ్డాక, బోటనీ మేడమ్ అటూ ఇటూ చూసి నెమ్మదిగా, “ఈ ఆదివారం మీరు మా చర్చికి వచ్చి…” అంది.

అంతే, నా లోపల గంట మోగింది. ఆ వాక్యం చివర ఏముందో వినే ఓపిక నాకెక్కడిది? ఆ సాయంత్రం మొదలుపెట్టి శుక్రవారం దాకా, విడతలు విడతలుగా, మతం మనిషిని ఎలా వంచుతుందో చెప్పాను. ప్రేమ పేరుతో మతమార్పిడి అడగడం ఎంత అన్యాయమో చెప్పాను. ఆదివారం పది గంటలు మా చర్చామండలి సమయమని, ఆరేళ్లలో ఒక్క వారం కూడా మానలేదని చెప్పాను. ఆవిడ నాలుగు రోజులూ వింది. శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకుంటూ, “సార్, నన్ను వైజాగు బ్రాంచికి రమ్మంటున్నారు. వెళ్తానో లేదో రేపు ఐదింటిలోగా ఆఫీసులో రాసివ్వాలి. రేపు మూడున్నరకు ఆ కొత్త కాఫీ షాపులో కలుద్దాం. బోర్డు మీద ఉంటుందే, మాన్‌సూన్ క్లౌడ్, అది ఒక్కసారి తాగాలని ఉంది. అది తాగడం అయ్యేలోగా మీరొక మాట చెబితే చాలు. ప్రసంగం వద్దు” అంది.

ప్రసంగం వద్దంటే ఏమిటి అర్థం? మంచి ప్రసంగం కావాలని! మర్నాడు ఉదయం పిండిమర మేడ ఎక్కి, ఖాళీ కుర్చీలకు రెండుసార్లు ప్రసంగం వినిపించి, నెత్తిన పిండితో సహా బయల్దేరాను.

ఆ మధ్యాహ్నం ఇప్పటికీ కలలాగే ఉంటుంది. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులు పట్టుకుంటోంది. కృష్ణలో నీళ్లకన్నా ఇసుక ఎక్కువ కనిపించే రోజులు. అద్దాల తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే ఒంటి మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టయింది. బయట ఆటోలూ బస్సులూ అద్దం వెనక చప్పుడు లేకుండా చేపల్లా ఈదుతున్నాయి. బోటనీ మేడమ్ మూల బల్ల దగ్గర లేత నీలం చీరలో కూర్చుని ఉంది. కౌంటరు పైన పెద్ద బొమ్మ. పొడవాటి గ్లాసులో అడుగున బెల్లం పాకం, దాని మీద పాలు, పాల మీద నల్లటి కాఫీ, అన్నిటి మీదా గ్లాసు అంచు దాటి పొంగిన తెల్లటి నురగ. మే నెల విజయవాడలో వానమేఘాన్ని గ్లాసులో పోసి అమ్ముతున్నారు. ఇంతకన్నా ఖండించదగ్గది ఏముంటుంది? అయినా ఆవిడ అడిగింది. కౌంటరు దగ్గరికి వెళ్లాను.

“చెప్పండి సార్” అంది కౌంటరు అమ్మాయి. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. చెవి వెనక పెన్ను.

“రెండు మాన్‌సూన్ క్లౌడ్‌లు ఇవ్వండి. చిన్నవి.”

“చిన్నది ఉండదు సార్. రెగ్యులర్, లార్జ్, ఎక్స్‌ట్రా లార్జ్.”

“చిన్నదే లేకపోతే పెద్దది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? దేంతో పోలిస్తే పెద్దది?”

“రెగ్యులర్‌తో సార్.”

“అయితే రెగ్యులరే చిన్నదన్నమాట.”

“కాద్సార్. రెగ్యులర్ రెగ్యులరే.”

నాకు మండలి గుర్తొచ్చింది. వేలు పైకి లేచింది. “ఆగండి. ముందు మీ వాదం నేను చెబుతాను. కొలతల్లో అన్నిటికన్నా తక్కువగా ఉన్నదాన్ని చిన్నది అనక్కర్లేదు, ఎందుకంటే కొనేవాడు తాను తక్కువ కొన్నాననుకుని బాధపడకూడదు. కాబట్టి దానికి మామూలు అని పేరు పెట్టారు. ఇదేనా మీ పక్షం?”

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. “అంతే సార్” అంది. “నాకు కూడా ఇప్పుడే అర్థమైంది. రెండు రెగ్యులర్. ఏ పాలు సార్?”

గంట కొట్టేవారు లేక నా ఖండన గొంతులోనే ఉండిపోయింది. పాలలో మామూలు పాలు, వెన్న తీసినవి, బాదం పాలు, సోయా పాలు ఉన్నాయట. పాలంటే పాలేనని చెప్పాను. ఐసు వద్దన్నాను. ఐసు వేసి గ్లాసు నింపడం నీళ్లను కాఫీ ధరకు అమ్మడమేనని ఒక చిన్న ఉపోద్ఘాతం కూడా ఇచ్చాను.

“ఐసు లేకపోతే క్లౌడ్ నిలబడద్సార్. మునిగిపోద్ది.”

“మేఘం మునగడమేమిటండీ?”

“ఐసు మీదే కదా సార్ అది కూర్చునేది. కింద ఏదీ లేకపోతే ఎవరు మాత్రం కూర్చుంటారు?”

“సరే. రెండు స్ట్రాలూ, ఒక చెంచా ఇవ్వండి. కలుపుకోవాలి. పాకం అంతా అడుగునే ఉంది.”

“స్ట్రా ఇవ్వం సార్ దీనికి. కలపకూడదు. అంచు మీంచే తాగాలి.”

చూశారా! కలపకూడదట. ఎవరో ఎక్కడో కూర్చుని నియమం పెట్టడం, జనం ఎందుకని అడక్కుండా పాటించడం. సరిగ్గా ఇలాంటిదాని మీదే కదా నా ఆరేళ్ల యుద్ధం. “ఎందుకు కలపకూడదు? కలిపితే ఏమవుతుంది? కారణం చెప్పండి. ఏమవుతుంది?” అని మూడుసార్లు అడిగాను, ఒక్కొక్కసారికీ గొంతు పెంచుతూ.

ఆ అమ్మాయి గ్లాసు తుడుస్తూ, ఏ తొందరా లేకుండా, “ఏమీ కాద్సార్” అంది. “కలిసిపోద్ది.”

నా వెనక క్యూలో పెట్టె పట్టుకున్న ఒక పెద్దాయన నిట్టూర్చాడు. “బాబూ, గన్నవరంలో నాకు విమానముంది. మీ ఇద్దర్లో ఎవరు గెలిచినా నాకు సంతోషమే. కొంచెం ఆ తీర్పేదో త్వరగా రానివ్వండి.”

“ఇది మీ సమస్య కూడా అండీ” అన్నాను వెనక్కి తిరిగి. “రేపు మిమ్మల్ని కూడా కలపనివ్వరు.”

“నాకు వేడికాఫీ నాయనా. కలిపే ఇస్తారు.”

వెనక ఎవరో నవ్వారు. మూల బల్ల వైపు చూశాను. బోటనీ మేడమ్ చెయ్యి గడ్డానికి ఆనించుకుని, మొక్క ఎటు వాలుతోందో చూసే శ్రద్ధతో నన్నే చూస్తోంది. గడియారంలో నాలుగవుతోంది.

“మీ పేరు సార్?” అంది కౌంటరు అమ్మాయి, పెన్ను తీసి గ్లాసు మీద ఆనించి.

“మనిషి” అన్నాను. ఆరేళ్ల అలవాటు. నోరు దానంతటదే అంది. ఆ అమ్మాయి కనుబొమ్మ కూడా ఎత్తకుండా రాసుకుంది. తర్వాత, “మీ ఆర్డరు ఒకసారి చెబుతా సార్, సరిచూసుకోండి” అని ఊపిరి పీల్చుకుంది. “రెండు మాన్‌సూన్ క్లౌడ్. చిన్నవి కావాలన్నారు, మా దగ్గర లేవు కాబట్టి రెగ్యులర్. పాలంటే పాలేనన్నారు, మామూలు పాలు. ఐసు వేస్తే నీళ్లకు డబ్బు తీసుకున్నట్టన్నారు, వెయ్యకపోతే క్లౌడ్ మునిగిపోద్ది కాబట్టి తక్కువ ఐసు. కలపకూడదంటే కారణం చెప్పాలన్నారు, మా దగ్గర కారణం లేదు కాబట్టి కలుపుకోవడం మీ ఇష్టం. అంతేనా సార్?”

అంతేనా సార్! పిండిమర మేడ మీద ఆరేళ్లలో నా వాదాన్ని ఇంత సూటిగా, ఇంత న్యాయంగా, నా కోపాన్ని కూడా వదలకుండా తిరిగి నాకు అప్పజెప్పినవాళ్లు లేరు. రోజుకు రెండొందల మందికి ఈ అమ్మాయి పూర్వపక్షం చెబుతోంది, ఎదుటివాళ్లు అంతే అనేదాకా చెయ్యి కదపడం లేదు. ఒక మండలి లేదు, గంట లేదు. “అంతే” అన్నాను.

వెళ్లి కూర్చున్నాను. సిగ్గుపడ్డవాడు ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు. నా దగ్గర ఖాళీ కుర్చీలు రెండుసార్లు విన్న ప్రసంగం ఉంది. మొదలుపెట్టాను. “చూడండి మేడమ్, మనిషికి, నమ్మకానికి మధ్య…” అంటూ ఎక్కడికో వెళ్లిపోయాను. చల్లటి గాలి, అద్దం బయట తెల్లటి ఎండ, నా గొంతు. నా ప్రసంగం నాకే జోలపాటలా ఉంది. మధ్యలో దూరంగా ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. “మనిషి గారూ! మనిషి గారూ, మీ ఆర్డరు!” ఎవరు చెప్మా ఆ వింత పేరు గలాయన, వెళ్లి తీసుకోడేం అనుకుంటూ ప్రసంగం సాగించాను. “మనిషి గారు ఉన్నారా అండీ?” ఈసారి పెట్టె పెద్దాయన లేచాడు. “ఏమయ్యా, ఇంతమందిమి కూర్చున్నాం, ఒక్కడు కూడా మనిషి లేడా ఇక్కడ?” షాపు షాపంతా నవ్వింది. బోటనీ మేడమ్ నవ్వు ఆపుకోవడానికి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మిమ్మల్నే సార్” అంది. “మీరే. ఈ ఊళ్లో ఇంకెవరు చెబుతారు ఆ పేరు?”

నేను వెళ్లేసరికి మేఘం సగం దిగిపోయింది. తక్కువ ఐసు తక్కువగానే నిలబడింది. రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాను. నురగ వంగి, కాఫీలోకి తెల్లటి వేళ్లలా పాకుతోంది. నాలుగూ ఇరవై.

“సార్” అంది ఆవిడ. నవ్వు పోయింది గొంతులోంచి. “ఆ అమ్మాయి మీ మాట ఎంత చక్కగా తిరిగి చెప్పిందో చూశారుగా. మంగళవారం నేను మిమ్మల్నొకటి అడిగాను. అది ఒకసారి తిరిగి చెప్పండి. నేను అంతే అంటే, ఆ తర్వాత మీ ప్రసంగమంతా వింటాను. ఐదయినా సరే.”

ఇంత చిన్న పరీక్షా? నేను మొనగాణ్ణి! “మీరు నన్ను మతం మారమన్నారు.”

“కాదు.”

“మారకపోయినా, మీ దేవుడికి దణ్ణం పెట్టమన్నారు.”

“కాదు.”

“చర్చికి రమ్మన్నారు.”

“అది సగం.”

మిగతా సగం కోసం వెతికాను. నాలుగు రోజుల నా ప్రసంగాలన్నీ తిరగేశాను. ప్రతి పుటలోనూ నా మాటలే. ఆవిడది ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఆవిడ అడగనిదాన్ని నాలుగు రోజులు చీల్చి చెండాడానన్నమాట. ఖాళీ ఇంటిని పడగొట్టాను. ఆవిడ ఉన్న ఇంటి గడప కూడా తొక్కలేదు. నెత్తి మీంచి కొంచెం పిండి రాలి బల్ల మీద పడింది.

“తెలియదండీ” అన్నాను. ఆరేళ్లలో మొదటిసారి ఆ మాట అన్నాను.

“తెలీదు, ఎందుకంటే వాక్యం సగంలో ఉండగానే గంట కొట్టేసుకున్నారు” అంది. “నేను చెప్పబోయింది ఇది. ఈ ఆదివారం మా చర్చికి వచ్చి, మా అమ్మ పక్కన ఒక్క గంట కూర్చుంటారా? నాన్న పోయినప్పట్నుంచీ అమ్మ పక్క చోటు ఖాళీగానే ఉంటోంది. ప్రార్థన చెయ్యక్కర్లేదు, పాట పాడక్కర్లేదు. మీ గురించి అంతా చెబితే అమ్మ ఒక్కటే అడిగింది. ‘అతను గంటసేపు నోరు మూసుకుని ఒక మనిషి పక్కన కూర్చోగలడా? కూర్చోగలిగితే ఏ మతమైనా నాకు ఫర్వాలేదు. కూర్చోలేకపోతే మన మతమైనా వద్దు’ అంది.”

అద్దం బయట ఒక బస్సు చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. “ఈ ఆదివారం” అన్నాను మెల్లగా, “మీ అమ్మగారి పక్కన, మీ నాన్నగారి చోట్లో, ఒక గంట నేను మాట్లాడకుండా కూర్చోవాలి. నా మాట వినడానికి కాదు, నేను ఊరుకోగలనో లేదో చూడడానికి. దేవుడి కోసం కాదు, అమ్మగారి కోసం.”

ఆవిడ కళ్లు ఒకసారి గ్లాసు మీదికి వాలి, మళ్లీ లేచాయి.

“అంతే” అంది.

అడక్కుండానే కౌంటరు అమ్మాయి వచ్చి ఒక చెంచా బల్ల మీద పెట్టి వెళ్లింది. బోటనీ మేడమ్ దాన్ని అందుకుని రెండు గ్లాసులూ కలిపింది. పాకం, పాలు, కాఫీ, మేఘం, అన్నీ గిర్రున తిరిగి ఒకే లేత గోధుమరంగయ్యాయి. తొలకరి నీళ్లొచ్చినప్పుడు కాలవ రంగు. అంత రుచిగా ఉన్నది నేను ఇంకేదీ తాగలేదు. అయిదుకు పది నిమిషాలుందనగా ఆవిడ లేచి సంచి భుజాన వేసుకుంది. “వైజాగు వద్దని రాసిచ్చేస్తున్నా. రేపు మీరు గంట కూర్చోలేకపోయారనుకోండి, ఆ ట్రాన్స్‌ఫరు మీ పేరు మీద రాయిస్తా” అంది. ఎండలోకి వెళ్లిపోయింది. ఆ నీలం చీర వేడిగాలిలో అలలు అలలుగా కదిలి, ఆటోల మధ్య కలిసిపోయింది.

మర్నాడు పది గంటలకు నర్సమ్మ గారి పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. పైన ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. పాటలు బాగున్నాయి. పాస్టరు గారి ప్రసంగంలో మొదటి అరగంటలో తర్కదోషాలు నాలుగు. వేలు పైకి లేవబోతే తొడ కింద పెట్టి నొక్కుకున్నాను. అయిదోది వచ్చినప్పుడు నా నోరు తెరుచుకుంది. ఆ క్షణంలోనే నర్సమ్మ గారు, తల తిప్పకుండా, ఒక పిప్పరమెంటు బిళ్ల కాగితం విప్పి నా అరచేతిలో పెట్టింది. ముప్పై ఏళ్లు రోగుల నోళ్లు చూసిన చెయ్యి అది. వేసుకున్నాను. నోరంతా చల్లబడింది. మిగతా సమయం కిటికీ ఎండలో తేలే దుమ్ము చూస్తూ కూర్చున్నాను. మా మేడ మీద తేలే పిండిలాగే ఉంది. బయటికొచ్చాక ఆవిడ కూతురితో, నేను వింటున్నానని తెలిసే, “కూర్చున్నాడు” అంది. “కదిలాడు, నానా తంటాలూ పడ్డాడు. కానీ కూర్చున్నాడు.” మా పెళ్లికి అంతకన్నా గొప్ప ఆశీర్వచనం ఎవరూ ఇవ్వలేదు. (రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం కూడా ఆవిడే పెట్టింది. పక్కనే మా అధ్యక్షుల వారిది.)

ఆ తర్వాతి ఆదివారం మేడ మీదికి భయపడుతూనే వెళ్లాను. అధ్యక్షుల వారు హాజరు పుస్తకంలో నా పేరు దగ్గర ఆగి, “పోయినవారం ఎక్కడికెళ్లావ్‌రా?” అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన మజ్జిగ సీసా మూత తీసి, ఒక గుక్క తాగి, “ఆవిడ వాదం పూర్తిగా విన్నావా?” అని అడిగారు. విన్నానండీ అన్నాను. “అయితే వచ్చినట్టే” అని పోయినవారం గడిలో హాజరు వేసి గంట కొట్టారు.

ఆ గంట ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. ఆయన లేరు. మర మూతపడింది, కాఫీ షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నాకు ఇవాళ్టికీ ఏ దేవుడి మీదా నమ్మకం లేదు, ఆ విషయం అచ్చులో చెప్పడం మానలేదు, మానను. మా ఇంట్లో వాదాలకు కొదవ లేదు. కానీ నా గొంతు లేచినప్పుడల్లా వంటింట్లోంచి బోటనీ మేడమ్ “నేనేమన్నానో ఒకసారి చెప్పండి” అంటుంది. పదిలో ఆరుసార్లు చెప్పలేకపోతున్నాను. ఒకప్పుడు పదికి పది చెప్పలేకపోయేవాణ్ణి, ఆ సంగతి తెలిసేది కూడా కాదు. వేలెత్తి నిలబడ్డ ఆ పాతికేళ్ల వాడి మీద ఇప్పుడు కోపం రావడం లేదు. దగ్గరికి వెళ్లి, వాడి జుట్టులో పిండి దులిపి, కొంచెం జరిగి చోటివ్వాలనిపిస్తుంది.

మీ సంగతి చూద్దాం. మీ ఇంట్లోనో, ఆఫీసులోనో, పక్క వీధిలోనో మీరు ఖండించేసిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టండి. లేవండి. వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లన్న మాట వాళ్లకే తిరిగి చెప్పండి. వాళ్ల నోటితో “అంతే” అనిపించుకోండి. అది వినిపించేదాకా మీ గంట మోగించకండి.